కోరింగ ప్రయాణానికి ముందు తిథి చూసుకోండి

కాకినాడ నుంచి విశాఖ దాకా తీరం వెంట వెళ్తూ ఎక్కడ ఆగాలి, ఎక్కడ బస చేయాలి అని చాలామంది అడుగుతుంటారు. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ వేళకి వెళ్లాలన్నది. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరెక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఇవాళ్టి వేళ రేపు ఉండదు, సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి దగ్గర తేడా తక్కువ. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఈ వేళల పట్టికలు వేస్తుంది, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఈ సమాచారం ఇస్తుంది. హోటల్ రివ్యూలు తర్వాత చదువుకోవచ్చు.

కోరింగ అభయారణ్యం కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో, ఇరవై కిలోమీటర్ల లోపే. 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. మడ చెట్ల మధ్యగా చెక్క బాట లోపలికంటా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి కాలవలో బోటు షికారు. చిక్కంతా ఇక్కడే. "పాటు మీద బోటు కదలదండీ, నీరెక్కాక రండి" అన్నాడు బోటు నడిపే ఆయన. నిజమే, బోటుకి పోటు కావాలి. కానీ మడ అడవిలో చూడాల్సినదంతా పాటులోనే బయటపడుతుంది. రెండూ కావాలంటే మధ్యలో ఆరు గంటలు ఉండాల్సిందే. నేనైతే బోటు వదులుకుంటాను.

నీరు దిగాక బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ వేర్లు నిలబడి కనిపిస్తాయి. బురద లోపల గాలి ఆడదు, అందుకని మడ చెట్టు వేర్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఆ వేర్ల మధ్య గెంతే చేపలున్నాయి చూడండి, వాటి కోసమే ఎంతసేపైనా నిలబడొచ్చు. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ నీటి బయటే తిరుగుతూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. పక్కనే చిన్న పీతలు. మగ పీతకి ఒక చెయ్యి ఒంటికి మించిన సైజులో ఉంటుంది, దాన్ని ఊపి ఆడ పీతని పిలుస్తుంది, తోటి మగ పీతల్ని బెదిరిస్తుంది. ఇవి బొరియలు తవ్వడం వల్లే బురదలోకి కాస్త గాలి దిగుతుంది. మడ ఆకు మీద వేలు రాసి నాలుకకి తగిలించుకుంటే ఉప్పగా ఉంటుంది. చెట్టు లోపలికి పోయిన ఉప్పుని ఆకుల మీదుగానే బయటికి తోసేస్తుంది మరి. రాలిన ఆకులు గాలాడని బురదలో త్వరగా కుళ్లవు, వాటిలోని కార్బన్ ఏళ్ల తరబడి అక్కడే పూడుకుపోయి ఉంటుంది. వాతావరణ మార్పు మీద పని చేసేవాళ్లు మడ అడవుల చుట్టూ తిరగడానికి ఇదో పెద్ద కారణం.

బస సంగతి. కాకినాడలో హోటళ్లకి కొదవ లేదు, భోజనానికి దిగుల్లేదు. కానీ నేను దిగిన చోట తెల్లవారే కారు పెడతామని మాటిచ్చి, పొద్దున చూస్తే రిసెప్షన్‌లో మనిషే లేడు. రోడ్డు మీద ఆటో దొరకబట్టి సరిపోయింది. యానాంలో ఎంపిక తక్కువే అయినా కోరింగకి దగ్గర, పైగా గోదావరి గట్టు. మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను.

ఉప్పాడలో ఎక్కువసేపు ఆగలేదు. సముద్రం ఊరిని కోసుకుంటూ లోపలికి వస్తోంది, దాన్ని కెమెరా పట్టుకుని చూడటం నాకు నచ్చలేదు.

విశాఖకి రోడ్డైనా రైలైనా మూడు గంటల పైమాట. ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పని చేశారు, బంగాళాఖాతం మీద తొలినాటి పరిశోధనల్లో ఆయనవి ముఖ్యమైనవి. 1966లో మొదలై, ఇప్పుడు గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి కూడా ఇక్కడ ఓ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇవి పని చేసుకునే చోట్లు, చూడ్డానికి పోయేవి కావు. మనకు మిగిలేది రాళ్లు. తెన్నేటి పార్కు దిగువ, మంగమారిపేట వైపు, పాటు వేళ రాళ్ల గుంటల్లో నీరు నిలిచిపోతుంది. అందులో సముద్రపు పూలు (పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్ అనే జీవులు), శంఖాలు మోసుకు తిరిగే పీతలు, అదృష్టం బాగుంటే రంగురంగుల సముద్రపు నత్తలు. కాలి కింద నాచు జారుతుంది, మంచి పట్టున్న చెప్పులు వేసుకోండి. రాళ్లు తిప్పి చూడకండి, తిప్పితే మళ్లీ అలాగే పెట్టండి. లేకపోతే అడుగున బతికే జీవులు ఎండకి చస్తాయి. విషయం తెలిసినవాళ్లతో నడవాలంటే, ఇలాంటి నడకలు పెట్టే స్థానిక బృందాలు నగరంలో ఉన్నాయి. ఒంటరిగా వెళ్తే కనపడేవాటిలో సగం మన కంటికి ఆనవు.

ఆర్కే బీచ్‌ని మామూలుగా నేను దాటేసేవాణ్ణి, ఇసుక సంగతి తెలియకపోతే. తూర్పు తీరంలో ఏడాది మొత్తమ్మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ గోడలు దానికి అడ్డం పడ్డాయి. దాంతో ఉత్తరాన ఉన్న ఈ బీచ్ కోతకి గురవుతూ వచ్చింది. అందుకే పోర్టు వాళ్లు డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకని గొట్టాలతో బీచ్ మీదికి పంప్ చేయిస్తుంటారు. మీరు వెళ్లినప్పుడు కోస్టల్ బ్యాటరీ దగ్గర ఆ పని జరుగుతుంటే ఆగి చూడండి. ప్రవేశ రుసుం లేని ఇంత మంచి ప్రదర్శన ఊళ్లో ఇంకోటి లేదు.

బస మాత్రం బీచ్ ఎదురుగా వద్దంటాను. కిటికీలోంచి కనిపించే సముద్రానికి అదనంగా చెల్లించి, పాటు వేళకి మళ్లీ రాళ్ల దాకా పరుగెత్తాలి. ఋషికొండ వైపు దిగితే రెండు రాళ్ల చోట్లూ దగ్గరే. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి పోయే సిటీ బస్సు అటే వెళ్తుంది, తెల్లవారుజామున అయితే ఆటో ముందు రోజే మాట్లాడుకోండి.