ఆఫీసుకు ఫోన్ వ్యవస్థ: యూసీఎం6301 మంచిదే, ముందు అమ్మేవాళ్లను పరీక్షించండి

ముప్పై నలభై మంది పనిచేసే ఆఫీసుకు పీబీఎక్స్ (లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతోనూ కలిపే ఎక్స్ఛేంజీ) కావాలంటే ఇప్పుడు మూడు దారులున్నాయి: గోడకు బిగించే పాత తరహా ఈపీఏబీఎక్స్, ఆఫీసు నెట్‌వర్క్ మీదే నడిచే ఐపీ పీబీఎక్స్, నెలనెలా చందా కట్టే క్లౌడ్ పీబీఎక్స్. ఇక్కడ ముఖ్యంగా చూస్తున్నది రెండోదాన్ని, అందులో గ్రాండ్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టె యూసీఎం6301ని. మిగతా రెండూ ఎవరికి నప్పుతాయో చివర్లో చెబుతాం.

పెట్టె సంగతికి ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఆఫీసులో ఎంతమంది ఉన్నారన్నది కాదు, బాగా రద్దీగా ఉండే గంటలో బయటి కాల్స్ ఎన్ని ఒకేసారి నడుస్తాయన్నది ముఖ్యం. ఆ గంటలో 60 కాల్స్ వస్తూ పోతూ, ఒక్కోటి 3 నిమిషాలు సాగితే మొత్తం 180 నిమిషాలు. అంటే 3 ఎర్లాంగ్‌ల రద్దీ (గంటంతా ఆగకుండా నడిచే ఒక కాల్ ఒక ఎర్లాంగ్). ఎర్లాంగ్ బి అనే లెక్కల పట్టిక ప్రకారం దీనికి 7 ఛానెళ్లు (ఒక్కో ఛానెల్ మీద ఒకసారికి ఒక బయటి కాల్) పెడితే వందలో ఇద్దరికి బిజీ టోన్ వినిపిస్తుంది. 8 పెడితే అది వందలో ఒకరి లోపే ఉంటుంది. క్యూలో ఎదురుచూస్తున్న కాల్ కూడా ఒక ఛానెల్‌ను పట్టుకునే ఉంటుంది. మొబైల్‌కు మళ్లించిన కాల్ రెండు ఛానెళ్లు తింటుంది, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. కాబట్టి కాల్స్ మళ్లించే అలవాటున్న ఆఫీసుకు 10 లేదా 12 పెట్టుకోవడం మేలు. నలభై మందికి నలభై ఛానెళ్లు అని కొటేషన్ వచ్చిందంటే ఆ మనిషి ఈ లెక్క వేయలేదన్నమాట.

ఈ స్థాయి ఆఫీసుకు యూసీఎం6301 చాలు. ఆస్టరిస్క్ 16 అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ పునాదిగా తయారైన ఈ పెట్టెకు 500 మంది వాడకందార్లు, ఒకేసారి 75 కాల్స్ దాకా సామర్థ్యం ఉంది. ఎక్స్‌టెన్షన్‌కు (లోపలి ఒక్కో ఫోన్ నంబరుకు) ఇంత అని లైసెన్సు కట్టక్కర్లేదు, మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. వాయిస్ మెనూ, కాల్ క్యూ, వాయిస్ మెయిల్, రికార్డింగ్ అన్నీ పెట్టెలోనే ఉంటాయి. ల్యాండ్‌లైన్‌కు ఒక పోర్టు, మామూలు ఫోన్‌కు ఒక పోర్టు ఇచ్చారు. కరెంటు పోతే ఆ రెండూ నేరుగా కలిసిపోతాయి కాబట్టి అక్కడ ఒక సాదా ఫోన్ పెట్టి ఉంచితే మిగతావన్నీ ఆగినా అది పలుకుతుంది. అగ్నిమాపక కేంద్రానికో అంబులెన్సుకో చేయాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఉన్నది ఒక్కటే పెట్టె, అది చెడితే ఆఫీసంతా మూగబోతుంది. యూపీఎస్ తప్పనిసరి. పెట్టెకొక్కదానికే కాదు, స్విచ్‌కూ రౌటర్‌కూ కూడా. రికార్డింగ్ విషయంలో ఎక్కువమంది బోల్తా పడతారు. కుదించని వేవ్ ఫైలుగా ఒక గంట సంభాషణ దాదాపు 58 ఎంబీ తీసుకుంటుంది. పైన చెప్పిన రద్దీ రోజంతా, ఎనిమిది గంటలూ ఉంటే రోజుకు 1.4 జీబీ. పెట్టె లోపలి నిల్వ మీద ఆధారపడకుండా మొదటి రోజు నుంచే బయటి నిల్వకు పంపేలా పెట్టించండి. నిండితే పాతవి వాటంతట అవే చెరిగిపోవాలా, ఎన్నాళ్లు ఉంచాలి అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ల్యాండ్‌లైన్ తగిలించాక ఒక పరీక్ష చేయాలి. బయటి నుంచి మొబైల్‌తో ఫోన్ చేసి, వాయిస్ మెయిల్ మొదలయ్యాక పెట్టేయండి. లైను కొద్ది సెకన్లలో ఖాళీ అయితే సరే. అవతలివాళ్లు పెట్టేసినా లైను బిజీగానే ఉండిపోతోందంటే, కాల్ ముగిసిందన్న సంకేతం పెట్టెకు అందడం లేదు. కొన్ని ఎక్స్ఛేంజీలు లైను ధ్రువాలు మార్చి ఆ సంకేతం ఇస్తాయి, కొన్ని బిజీ టోన్ మాత్రమే ఇస్తాయి. టోన్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది కనుక దేశం సెట్టింగు తప్పుంటే పెట్టె దాన్ని గుర్తుపట్టదు.

ఇక నెట్‌వర్క్. ఫోన్ సరిగా వినపడడం లేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. జీ.711 (మాటను అంకెలుగా మార్చే మామూలు పద్ధతి) కాల్‌కు ప్యాకెట్ల తొడుగుతో కలిపి ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది. ఎనిమిది కాల్స్‌కు 700 కేబీపీఎస్ అంటే ఈనాటి కనెక్షన్‌కు లెక్కలోకి రాదు. మాట పాడయ్యేది ఆలస్యం వల్ల, జిట్టర్ (ప్యాకెట్లు ఎగుడుదిగుడు వ్యవధిలో రావడం) వల్ల, ప్యాకెట్లు పోవడం వల్ల. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు, జిట్టర్ 30 లోపు, నష్టం 1 శాతం లోపు ఉండాలి. ఎవరో పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తుండగా కొలవాలి, ఖాళీ నెట్‌వర్క్ మీద కొలిచిన అంకెలు పనికిరావు. ఫోన్లకు వేరే వీల్యాన్ (అదే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్), వాయిస్ ప్యాకెట్లకు ముందు దారి ఇమ్మని చెప్పే డీఎస్‌సీపీ 46 గుర్తు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ మీదే ఫోన్లకు కరెంటు ఇచ్చేది) కొనేటప్పుడు పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూడండి. పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 24 పోర్టులకు 370 దాకా కావాలి. చాలా చవక స్విచ్‌లు అంత ఇవ్వవు. బల్లమీది ఫోన్లు అంత తినవు గానీ, అదే స్విచ్‌కు కెమెరాలూ వైఫై పెట్టెలూ తగిలిస్తే వాట్లు చాలక ఫోన్లు ఆరిపోతాయి.

రెండు రోగాల లక్షణాలు గుర్తుంచుకోండి. ఒక పక్కే మాట వినిపిస్తోందంటే ముందుగా రౌటర్‌లో సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే ప్రమాణం) సందేశాలను సవరించే సిప్ ఏఎల్‌జీ ఆపి చూడాలి. బయటి కాల్ ప్రతిసారీ 32 సెకన్ల దగ్గర తెగుతోందంటే లైను తప్పు కాదు. ఫోన్ ఎత్తినట్టు నిర్ధారించే సందేశం అవతలికి చేరడం లేదు, సిప్ ప్రమాణం ప్రకారం అంతసేపు చూసి కాల్ తెంపేస్తారు. చాలాసార్లు పెట్టెలో ఆఫీసు పబ్లిక్ ఐపీ తప్పుగా రాసి ఉంటుంది. అమ్మడానికి వచ్చినవాళ్లను ఈ రెండూ అడగండి. పని తెలిసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు.

నిజానికి వ్యవస్థ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది పెట్టె కన్నా అమ్మినవాళ్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పెద్ద పేరుంది కదా అని నిశ్చింతగా ఉండలేం. ఫోన్ వ్యవస్థలు తయారుచేసే అవాయా 2017లో, మళ్లీ 2023లో దివాలా రక్షణ కోరింది, 2025లో మైటెల్ అదే పని చేసింది. రెండూ ఆ తర్వాతా నడుస్తూనే ఉన్నాయి గానీ, సొంత తరహా ఫోన్లు తప్ప ఇంకేవీ పనిచేయని వ్యవస్థ కొన్నవాళ్లకు అది ఎంత ఆందోళనో ఊహించవచ్చు. అందుకే ఏ సిప్ పీబీఎక్స్‌తోనైనా కలిసే ఫోన్లే కొనండి, అవి ఏ సర్వీసుకూ లాక్ చేసి లేవని రాతపూర్వకంగా తీసుకోండి.

నమ్మదగినవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు ధర చెప్పరు. ర్యాక్ చూస్తారు, కేబుళ్లు పరీక్షిస్తారు, రద్దీ గంట ఎప్పుడని అడుగుతారు. పాత కస్టమర్ల నంబర్లు అడిగితే పోయిన నెల పెట్టినవాళ్లవి కాకుండా, రెండేళ్లు దాటినవాళ్లవి ఇస్తారు. ఆ కస్టమర్లను ‘బాగుందా’ అని అడగకండి, ‘ఎప్పుడు ఆగిపోయింది, ఎవరొచ్చారు, ఎంతసేపట్లో’ అని అడగండి. డబ్బు కట్టకముందే ఒక రాత్రి వాళ్ల సపోర్టు నంబరుకు ఫోన్ చేసి చూడండి.

ఒప్పందంలో రాయించుకోవాల్సినవి: అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఫైలు, ఎక్స్‌టెన్షన్ల పట్టిక అప్పగించిన రోజే మీ చేతికి రావాలి. నంబర్లూ సిప్ ట్రంకూ (ఇంటర్నెట్ మీదుగా వచ్చే బయటి లైన్లు) మీ కంపెనీ పేరు మీదే ఉండాలి. ‘మా పేరు మీద ఉంటే త్వరగా అవుతుంది’ అన్నచోట ఆగిపోండి, రేపు వాళ్లతో తెగదెంపులు చేసుకోవాలంటే నంబరే పోతుంది. పూర్తిగా ఆగిపోతే ఎన్ని గంటల్లో వస్తారో, మారు పెట్టె ఇస్తారో లేదో ఏఎంసీలో స్పష్టంగా ఉండాలి. కొంత సొమ్ము రెండు వారాలు నడిచాకే ఇవ్వండి.

భద్రత గురించి వాళ్లే ముందుగా ఎత్తకపోతే అనుమానించాల్సిందే. సిప్ వాడే 5060 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే పాస్‌వర్డ్‌లు ఊహించే యంత్రాలు త్వరలోనే తలుపు తడతాయి. దొరికితే రాత్రుళ్లు, సెలవు రోజుల్లో ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ పోతాయి, బిల్లు మీకొస్తుంది. విదేశీ కాల్స్ మొదట మూసే ఉంచి, కావాల్సినవాళ్లకు పిన్‌తో తెరవాలి. ట్రంకు ఇచ్చే కంపెనీ దగ్గర రోజువారీ ఖర్చుకు పరిమితి పెట్టించాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వీపీఎన్ మీదుగానే రావాలి. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌కు (సొంత కంప్యూటర్ మీద నడుపుకునే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్) జరిగిన దాడుల్లో దెబ్బతిన్నవి అడ్మిన్ పేజీని బయటికి తెరిచి ఉంచిన వ్యవస్థలే.

ఫ్రీపీబీఎక్స్ ఉచితం, చాలా శక్తిమంతం. లినక్స్ తెలిసిన మనిషి ఆఫీసులోనే ఉంటే తీసుకోండి, లేకపోతే వద్దు. ఉద్యోగులు నాలుగు చోట్ల నుంచి పనిచేస్తుంటే క్లౌడ్ పీబీఎక్సే సుఖం, అయితే ఇంటర్నెట్‌కు రెండో లైను పెట్టుకోవాలి. పాత వైరింగ్ మీద ఇంటర్‌కామ్ మాత్రమే కావాలంటే ఈపీఏబీఎక్స్ ఇంకా పనికొస్తుంది. కాకపోతే పానసోనిక్ లాంటి సంస్థే పీబీఎక్స్ వ్యాపారం నుంచి తప్పుకుంది కనుక, విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయో అడిగి కొనండి.

ఏది తీసుకున్నా పాత లైన్ల రద్దు దరఖాస్తు ముందే ఇవ్వకండి. నంబరు పోర్టింగ్ పూర్తయి, బయటి నుంచి వేర్వేరు కంపెనీల మొబైళ్లతో ఆ నంబరుకు చేసి చూసి, అత్యవసర నంబరుకు కాల్ వెళ్తోందని స్థానిక నిబంధనలు అనుమతించే పద్ధతిలో సరిచూసుకున్నాకే ఇవ్వండి. లైను ముందు రద్దయితే పోర్ట్ చేయడానికి నంబరే మిగలదు.