ఏది మేలు: లాన్‌కి పైపా, స్ప్రింక్లరా? మొక్కకి ఆషాఢమా, కార్తీకమా?

ఆదివారం పూట విశాఖలో సీతమ్మధారలోనో మధురవాడలోనో ఇళ్లకి మనం తోటపని సాయానికి వెళ్తే ఇంటివాళ్లు ముందు అడిగేది లాన్ గురించే. "రోజూ తడుపుతున్నామండీ, అయినా ఎండిపోతోంది. స్ప్రింక్లర్ కొనమంటారా?" అని. కొనమనే ముందు ఒకసారి తలెత్తి మేడ మీద ట్యాంకు చూడండి.

తిరిగే స్ప్రింక్లర్ సరిగ్గా పనిచేయాలంటే 15 నుంచి 20 మీటర్ల ఎత్తు నుంచి పడే నీటికి ఉండేంత ఒత్తిడి కావాలి. ఒక అంతస్తు ఇంటి మీది ట్యాంకు ఇచ్చేది 4, 5 మీటర్లదే. అప్పుడు స్ప్రింక్లర్ తిరగదు. నీళ్లన్నీ దాని చుట్టూనే కారి అక్కడ బురద, మూలల్లో ఎండుగడ్డి. అర హార్స్‌పవర్ ప్రెషర్ మోటారు పెట్టే ఉద్దేశం లేకపోతే స్ప్రింక్లర్ వద్దనే చెప్పాలి.

మరి పైపుతో తడుపుతున్నా ఎందుకు ఎండుతోంది? తడిపే సేపు చాలక. చదరపు మీటరుకి ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు తడి. మే నెలలో గడ్డికి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్లు కావాలి. 50 చదరపు మీటర్ల లాన్‌కి అది 250 లీటర్లు. 20 లీటర్ల బకెట్ మీ పైపు కింద పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 10 లీటర్లు, అంటే 25 నిమిషాలు తడపాలి. చాలామంది పది నిమిషాలకే కట్టేస్తారు. పై మట్టి మాత్రమే తడుస్తుంది, వేళ్లూ అక్కడే ఆగిపోతాయి, మధ్యాహ్నం ఎండకి గడ్డి మాడిపోతుంది. రోజూ కాస్త కాస్త కాకుండా రోజు విడిచి రోజు 50 నిమిషాలు పెట్టండి. గంట తర్వాత స్క్రూడ్రైవర్ గుచ్చితే నాలుగు అంగుళాలు సులువుగా దిగాలి. కొండవాలు ఎర్రమట్టిలో నీళ్లు ఇంకకుండా జారిపోతాయి కాబట్టి పావుగంట తడిపి, కాసేపు ఆపి, మళ్లీ తడపాలి.

వెయ్యి చదరపు అడుగులు దాటి మోటారు కూడా ఉంటే స్ప్రింక్లరే మేలు. ఖాళీ పెరుగు కప్పులు నాలుగు మూలలా పెట్టి పది నిమిషాలు నడిపి, స్కేలుతో కొలవండి. ఒక కప్పులో 3 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 1 వస్తే స్ప్రింక్లర్ చోటు మార్చాలి. లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రపు గాలి పెరిగాక సగం నీళ్లు రోడ్డు మీదే పడతాయి. పొద్దున్న ఏడు లోపే నడపాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం స్ప్రింక్లర్ ఊసే వద్దు, ఆకు కొసలు మాడతాయి. పైపుతో గడ్డి మొదట్లోనే పోయాలి. అక్కడ కొత్తగా లాన్ వేసేవాళ్లకి గరికే నయం, ఉప్పుని తట్టుకుంటుంది.

నిజానికి మనం ఆదివారమే వెళ్తాం. మంగళవారం తడిపేది ఇంటివాళ్లే. కాబట్టి బకెట్ లెక్క నేర్పి, మిగతా సమయం చెట్టుకి పెట్టడం మంచిది.

చెట్టుకి ఆషాఢమే నా మాట. కార్తీకంలో నాటితే ఎండ తక్కువ, పని హాయి, కానీ వానలు త్వరలోనే ఆగిపోతాయి. జూన్ దాకా ఏడు నెలలు చేత్తో పోయాలి. ఆషాఢం మొక్కకి అప్పటికే నాలుగు నెలల వానతో వేళ్లు దిగి ఉంటాయి. దానికి భయమల్లా అక్టోబరు గాలివానే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. అందుకే నర్సరీలో ఎనిమిది అడుగుల మొక్క చూసి ముచ్చటపడకుండా మూడు, నాలుగు అడుగుల వేప, కానుగ, పొగడ తీసుకోండి. వానాకాలం నీళ్లు నిలిచే పల్లపు స్థలమైతే మాత్రం కార్తీకమే.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. ముందు ఒక బకెట్ నీళ్లు పోయండి, మర్నాటికీ ఇంకకపోతే చోటు మార్చండి. తీసిన మట్టిలో పది కిలోల మాగిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి. సంచి పూర్తిగా చింపేసి, చుట్టలు చుట్టుకున్న వేళ్లు కత్తిరించాలి. కాండం మొదలు నేల మట్టానికే ఉండాలి. దాని చుట్టూ మట్టి పోగు చేస్తే బెరడు కుళ్లుతుంది. మట్టి మీద కప్పే ఆకులు కూడా కాండానికి రెండు అంగుళాలు ఎడంగా పరవాలి. రెండు వెదురు కర్రలు పాతి, పాత చీర పీలికతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు బెరడుని కోస్తుంది. ఏడాది తర్వాత ఆ కట్టు విప్పేయాలి.