ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్క్ బ్యాకప్: పని బాగుంది, పేర్లే తికమక

పోయిన నెల ల్యాప్‌టాప్ రిపేరుకి ఇస్తే షాపువాళ్లు ఒక్క మాట కూడా అడగకుండా ఫార్మాట్ కొట్టేశారు. తొమ్మిదేళ్లుగా పోగేసిన బుక్‌మార్కులు, కరెంటు బిల్లు పేజీ దగ్గర్నుంచి అమ్మ అడిగే గోంగూర నిల్వపచ్చడి కొలతల దాకా, బతికాయంటే అంతకుముందు వారం పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న చిన్న ఫైలు వల్లే.

ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, O అక్షరం కలిపి నొక్కితే లైబ్రరీ (బుక్‌మార్కులన్నీ కనిపించే విండో) తెరుచుకుంటుంది, పైన ‘ఇంపోర్ట్ అండ్ బ్యాకప్’ ఉంటుంది. అందులో ‘బ్యాకప్’ ఇచ్చేది జేసన్ (.json) ఫైలు. ఫోల్డర్లు, ట్యాగులు ఉన్నవి ఉన్నట్టే దాస్తుంది గానీ, క్రోమ్‌కి అది పనికిరాదు. అక్కడికి తీసుకెళ్లాలంటే హెచ్‌టీఎంఎల్‌గా, అంటే వెబ్‌పేజీ రకం ఫైలుగా, ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మొదటి లైన్లోనే నెట్‌స్కేప్ పేరుంటుంది, ఎప్పుడో పోయిన బ్రౌజర్!

నాకు నచ్చనిది ‘రిస్టోర్’. అది ఉన్నవాటికి కలపదు, ఉన్నవన్నీ తీసేసి పాతవి పెడుతుంది. హెచ్చరిక చూపిస్తుంది లెండి, కానీ కంగారులో ఎవరు చదువుతారు? హెచ్‌టీఎంఎల్ ఇంపోర్ట్ దీనికి రివర్సు, ఉన్నవాటికే కలుపుతుంది, రెండుసార్లు చేస్తే అన్నీ డబుల్.

ఫైర్‌ఫాక్స్ తనంతట తానే బ్యాకప్‌లు తీసి దాస్తుంది కూడా, మంచిదే, కాకపోతే అవి ల్యాప్‌టాప్‌లోని అదే డిస్కులో ఉంటాయి, ఫార్మాట్ కొడితే అవీ పోతాయి. ఫోన్లో, కంప్యూటర్లో బుక్‌మార్కుల్ని ఒకేలా ఉంచే సింక్ ఉందిగా అంటారా? ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే ఫోన్లోనూ పోతుంది.

5కి 4 ఇస్తాను.