కొండాపూర్ కేఫ్‌లో టీ కన్నా వాదనే వేడి

డల్లాస్‌ నుంచి మా బామ్మర్ది వస్తే మా వీధి చివరి కేఫే దిక్కు. పెద్ద స్క్రీన్ మీద పాత అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ పెట్టమంటే విసుక్కోకుండా పెడతారు, అందుకే నాలుగు స్టార్లు. ఈసారి గొడవ ఏ కాలేజీ టీమ్ డిఫెన్సివ్ లైన్ (ప్రత్యర్థి దాడిని ముందు వరసలో అడ్డుకునే ఆటగాళ్లు) గొప్పదన్న దాని మీద. నా ఓటు 2018 క్లెమ్సన్ టీమ్‌కి: ఫెరెల్, విల్కిన్స్, లారెన్స్ ముగ్గురూ, ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2019 డ్రాఫ్ట్‌ మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. ఫైనల్లో లారెన్స్ ఆడకపోయినా అలబామాకి దక్కింది 16 పాయింట్లే. వాడేమో 2021 జార్జియా యూనివర్సిటీ టీమ్ అంటాడు. "2022 డ్రాఫ్ట్‌లో వాకర్ అందరికన్నా మొదటి పిక్. డేవిస్, వ్యాట్ కూడా మొదటి రౌండే. మరుసటి ఏడాది కార్టర్. లెక్కపెట్టుకో బావా!" నలుగురు, నిజమే. నేను మాత్రం ఒప్పుకోలేదు. ఉస్మానియా బిస్కెట్లు తాజాగా ఉన్నాయి. టీ రెండుసార్లూ చల్లారిపోయే వచ్చింది. పార్కింగ్ అడక్కండి.