స్లో రిలీజ్ అని చెప్పి రంగేసిన మామూలు యూరియా అంటగడుతున్నారు, కొనేముందు చూస్కోండి

అన్నలూ అక్కలూ, కూరగాయలకో పండ్ల తోటకో "కోటెడ్, స్లో రిలీజ్" అని రాసున్న నత్రజని ఎరువు కొనబోతుంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను టమాటాకి అలాంటిదే కొన్నా. గింజలు పసుపు రంగులో మెరుస్తూ ఉన్నాయ్, మూడు నెలలపాటు కొంచెం కొంచెంగా వదుల్తుంది, ఒక్కసారి వేస్తే చాలు అని సంచి మీదుంది, అమ్మినాయనా అదే చెప్పాడు. సరే అని పంట మొత్తానికి కావాల్సింది నాటేముందే బోదెల్లో వేయించా, కోటెడ్ ఎరువు కొనేదే అందుకు కదా.

నాటిన కొద్దిరోజులకే ఆకు అంచులు మాడాయి, కొన్ని నారు మొక్కలు వేరు గోధుమ రంగుకి తిరిగి చచ్చిపోయాయి. బతికినవేమో ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ పూత లేటు, వచ్చిన పూత రాలుడు, లేతాకుల నిండా పేనుబంక, తొలి కాయలకి అడుగున నల్లమచ్చ. తర్వాత వానలు పడ్డాయి, తీరా కాయ ఊరే టైంకి కింది ఆకులు పసుపెక్కడం మొదలైంది. అడిగితే మీ నేల తేడా అన్నాడు.

నేల తేడా కాదండీ. కోటింగ్ లేని యూరియా తడి తగిలితే కొద్దిరోజుల్లోనే అమ్మోనియాగా మారుతుంది, ఒకేచోట ఎక్కువుంటే లేత వేరుని మాడ్చేది అదే, మొక్క కాల్షియం తీసుకోకుండా అడ్డుపడేదీ అదే, కాయ అడుగు నల్లబడ్డానికి అదొక కారణం. ఆ తర్వాత మట్టిలో బాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది, నైట్రేట్ మట్టిని పట్టుకుని ఉండదు, వానొస్తే వేళ్ళు దాటి కిందకి దిగిపోయి భూగర్భజలంలో కలుస్తుంది. మనం తాగే నీళ్ళే అవి. ఇదంతా జరక్కూడదనే కదా ఎక్కువ డబ్బు పెట్టి కోటెడ్ కొనేది.

మిగిలిన గింజలు గ్లాసు నీళ్ళలో వేసి చూశా. రంగు నీళ్ళలోకి వచ్చేసింది, కాసేపు కలిపేసరికి మొత్తం కరిగిపోయింది, గ్లాసు చల్లబడింది. మామూలు యూరియా లక్షణమే అది. నిజంగా పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పొర, పూసిన గింజైతే మర్నాటికి కూడా చాలావరకు గింజలాగే ఉంటుంది, అక్కడక్కడ పగిలినవి కరిగితే కరగొచ్చు.

ఇంకోటి, సంచి మీద శాతం చూడండి. మామూలు యూరియాలోనే నత్రజని 46 శాతం. గంధకమో పాలిమరో పూస్తే ఆ పూత బరువు కూడా సంచిలో కలుస్తుంది కాబట్టి శాతం తగ్గి తీరాలి, మందంగా గంధకం పూసిన వాటిలో 40 కంటే తక్కువే ఉంటుంది. నెలల తరబడి వదుల్తుంది అంటూనే 46 శాతం అని రాసుంటే దాన్ని ముట్టుకోవద్దు. వేపనూనె పూసిన యూరియా, ఇన్హిబిటర్ కలిపిన యూరియా మాత్రం వేరే సంగతి, అవి నీళ్ళలో కరుగుతాయి, మోసం కాదు, వాటి పని మట్టిలో నత్రజని మారే వేగాన్ని తగ్గించడమే. కానీ వాటిని కూడా పంట మొత్తానికి సరిపడా ఒకేసారి వేయకూడదు.

ఇప్పటికే వేసేసుంటే డ్రిప్‌లో ఇచ్చే నత్రజని వెంటనే ఆపండి, గింజలు కనపడుతుంటే మొదలు దగ్గర్నుంచి ఏరి తీసేయండి, నీళ్ళు పారించి కడిగేద్దాం అనుకోవద్దు, అదంతా కిందకే పోతుంది. తర్వాత కింది ఆకులు పసుపెక్కితే ఆకు పరీక్ష చేయించి, నత్రజని తక్కువుందని తేలితేనే కొంచెం కొంచెంగా విడతల్లో ఇవ్వండి.

బిల్లు, ఖాళీ సంచి, బ్యాచ్ నంబర్ ఫోటో దాచుకోండి. విప్పని సంచి ఒకటి మిగిలుంటే అమ్మినవాళ్ళు మార్చి ఇస్తాం తెమ్మంటారు, అందులోంచి శాంపిల్ పరీక్షకి ల్యాబ్‌కి వెళ్ళేదాకా మాత్రం ఇవ్వకండి.