ప్లాస్మా శుద్ధి పేరుతో గడువు తీరిన టమాటా విత్తనాలు అంటగట్టారు: విశాఖ కూరగాయల రైతులు, మేడతోటల వారు జాగ్రత్త

నిన్న సాయంత్రం ఆ దుకాణం నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. కోపం చల్లారాక రాస్తే కొన్ని మాటలు మెత్తబడిపోతాయని ఇప్పుడే రాస్తున్నాను. నగరంలో మేడతోటలు పెంచేవారికీ, ఆనందపురం, పద్మనాభం వైపు కూరగాయలు పండించేవారికీ ఆ దుకాణం తెలిసినదే. 'కోల్డ్ ప్లాస్మా విత్తనాలు' (విద్యుత్తు పంపిన వాయువుతో శుద్ధి చేసినవట) అని వాకిట్లో పెద్ద బ్యానరు కట్టి అమ్ముతున్నది అక్కడే.

ఆనందపురం దగ్గర 50 సెంట్లు కౌలుకు తీసుకుని నేనూ మా ఆవిడా కూరగాయలు వేస్తున్నాం. సంక్రాంతికి కోత అందాలని, దసరా వెళ్లిన మరునాడే రూ.1,200 చొప్పున రెండు టమాటా ప్యాకెట్లు కొన్నాను. మామూలు ప్యాకెట్ ధరకు అది మూడింతలు. నారు పెంచే 98 గళ్ల ప్రోట్రేలు 60 తెచ్చి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపి, గింజ తర్వాత గింజ మా ఆవిడే రెండు రోజులు కూర్చుని పెట్టింది. పన్నెండో రోజున లెక్క చూస్తే ఒక ట్రేలో 24, ఇంకొక దానిలో 19, బాగున్నదనుకున్న ట్రేలో 31 మొక్కలు ఉన్నాయి. టమాటాకు చట్టం చెప్పే కనీస మొలక శాతం 70. అంటే ట్రేకు 68 మొక్కలైనా రావాలి.

ఆ రాత్రి ఖాళీ ప్యాకెట్‌ను దీపం దగ్గర పెట్టుకుని చూశాను. వెనకవైపు 'ప్లాస్మా శుద్ధి చేయబడినది' అన్న వెండి రంగు స్టిక్కరు ఒక మూల కొంచెం లేచి ఉంది. తడి గుడ్డ ఒత్తి గోటితో మెల్లగా లాగితే, కింద అచ్చు వేసిన అక్షరాలు బయటపడ్డాయి: లాట్ నంబరు (ఆ విడత విత్తనాల గుర్తు), పరీక్షించిన తేదీ, చెల్లుబాటు గడువు. ఆ గడువు నిరుడు మార్చిలోనే తీరిపోయింది. రెండో ప్యాకెట్‌కూ సరిగ్గా అదే చోట అదే స్టిక్కరు, దాని కింద అదే తేదీ. గడువును కప్పడానికే ఆ స్టిక్కరును అక్కడ అంటించారని నేను నమ్ముతున్నాను.

నిన్న మేమిద్దరం వెళ్లి ఆ ప్యాకెట్ చూపించాం. ఆ యజమాని దాన్ని తిప్పి కూడా చూడలేదు. "స్టిక్కరు మేం వేసింది కాదు, కంపెనీ వాళ్లది" అన్నాడు. గడువు సంగతి మళ్లీ అడిగితే, అయిదారుగురు కొనుగోలుదారుల ఎదుట గొంతు పెంచి, "మాస్టారూ, విత్తనం మంచిదే, పెట్టిన చేతిగుణమే మంచిది కాదు" అన్నాడు. పెట్టిన చేయి ఎవరిదో అతనికి తెలియదు. మా ఆవిడ నా పక్కనే ఉంది. ఏమీ అనలేదు, చేతులు పమిట కిందకి తీసుకుంది. రూ.2,400 పోయినందుకు కాదు, మూడు వారాల అదను పోయినందుకు కూడా కాదు, ఆ ఒక్క మాటకు ఇది రాస్తున్నాను.

తప్పు నాదీ ఉంది, దాచను. 30 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ 1928లో ప్లాస్మా అని పేరు పెట్టిన పదార్థపు నాలుగో స్థితి గురించి ఎందరో పిల్లలకు చెప్పాను కనుక, ఆ పేరు చూడగానే నమ్మేశాను. ఆ శాస్త్రం నిజమైనదే. కొన్ని వేల వోల్టుల విద్యుత్తుతో వాయువును అయనీకరించినప్పుడు, అంటే దాని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొట్టినప్పుడు, ఆ ఎలక్ట్రాన్లకు మాత్రమే అధిక శక్తి వచ్చి, వాయువు ఇంచుమించు గది ఉష్ణోగ్రతలోనే ఉండిపోతే దాన్నే కోల్డ్ ప్లాస్మా అంటారు. అందులో పుట్టే ఓజోన్, చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ రూపాలు గింజ పైపొరను మార్చి, నీటిని త్వరగా పీల్చుకునేలా చేస్తాయి, పైన అంటుకుని ఉన్న శిలీంధ్రాలను తగ్గిస్తాయి. అయితే ఇది సెకన్లలో, నిమిషాల్లో కొలిచే పని. ఎక్కువసేపు ఉంచితే అదే గింజ దెబ్బతింటుంది. పంటను బట్టి, రకాన్ని బట్టి, గింజలోని తేమను బట్టి మోతాదు మార్చుకోవాలి. ఇక లోపలి పిండం చచ్చిపోయిన గింజకు ఏ ప్లాస్మా ప్రాణం పోయలేదు. ఎంతసేపు శుద్ధి చేశారు, ఏ యంత్రంతో చేశారు, శుద్ధి చేయని అదే లాట్ గింజలు ఎంత మొలిచాయి అని నేను ఆ రోజే అడగవలసింది. గింజల మీది ఎర్ర రంగును చూపించి "ఇదే ప్లాస్మా పూత" అని అతను చెప్పినప్పుడైనా మేలుకోవలసింది. ప్లాస్మా పూత కాదు, రంగు వేయదు. అలాంటి రంగు సాధారణంగా మందు పట్టించిన విత్తనాలకు కలిపేది.

కొనేవారు లాట్ నంబరు వేసిన బిల్లు అడిగి తీసుకోండి. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉన్న అమ్మకందారు బిల్లు ఇచ్చి తీరాలి. నాకు ఇచ్చింది తెల్ల చీటీ, నేనూ జేబులో పెట్టుకుని వచ్చేశాను. మొత్తం విత్తే ముందు 100 గింజలను తడి గుడ్డలో చుట్టి వారం రోజులు చూడండి. రైతులు కూడా వినియోగదారులేనని 2012లో ప్రభుత్వ విత్తన సంస్థ అయిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మండల వ్యవసాయాధికారికి ఇవ్వడానికి ఫిర్యాదు రాసి పెట్టాను, సోమవారం ఇస్తాను. ఆ వెండి రంగు స్టిక్కరు ఉన్న ప్యాకెట్ మీ ఇంట్లో ఉంటే, ఖాళీదైనా సరే, పారేయకండి. తడి గుడ్డతో ఆ స్టిక్కరును లేపి, కింద ఏ లాట్ నంబరు, ఏ తేదీ ఉన్నాయో ఇక్కడ రాయండి. నా ఫిర్యాదుతో పాటు వాటినీ జతచేస్తాను.