అట్టగోడతో ఆరేళ్లు: పైది నిలిచింది, కిందది నానింది

గోడ పూర్తయిన రోజే మా అత్తయ్య వేలి కణుపుతో టకటకా కొట్టి చూసి, "ఇది అట్ట కదే అమ్మాయ్, దీనికా ఇంత డబ్బు పోశారు" అన్నారు. 2019 మాట అది. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు అట్టగోడే. షాపులో అయితే జిప్సం పార్టిషన్ అని అడగాలి. ఇంజినీర్లు డ్రైవాల్ అంటారు, ఇసుకా సిమెంటూ నీళ్లూ కలిపే పని లేకుండా పొడిపొడిగా లేచే గోడ కాబట్టి. ఇనప ఛానెళ్ల చట్రం, దానికి రెండు వైపులా బోర్డులు, మధ్యలో ఖాళీ, అంతే. అత్తయ్య అన్నదాంట్లో సగం నిజముంది. బోర్డుకి రెండు పక్కలా ఉండేది అట్టలాంటి మందపాటి కాగితమే. మధ్యలో ఉండేది జిప్సం, చెయ్యి విరిగితే వేసే పిండికట్టు ఉంటుందే, ఆ సరుకే.

మాది విజయవాడ పాయకాపురం, కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను, రెండూ మేమే వాడుకుంటాం. కింద హాల్లో సగం నా ట్యూషన్‌కి కావాలని 2019లో ఒక గోడ, పైన పెద్ద బెడ్‌రూమ్‌ని పిల్లలిద్దరికీ పంచడానికి 2020 ఫిబ్రవరిలో ఇంకో గోడ పెట్టించాం. మేస్త్రి ఒకరే, బోర్డు ఒకటే. ఇప్పుడు ఒకటి ఉంది, ఒకటి లేదు.

ముందు ఇటుక గోడే అనుకున్నాం. పైన అది కుదరదని చెప్పింది మా ఇంటి ప్లాను గీసిన ఇంజినీరు గారు. గోడ రావాల్సిన చోట శ్లాబు కింద బీము లేదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉంటే రెండు టన్నులు దాటుతుంది, అదే జిప్సం గోడ పావు టన్ను లోపే. ఈ లెక్క విన్నాక మావారు ఇంకో మాట మాట్లాడలేదు. కింద మాత్రం బరువు సమస్యే లేదు, నేల మీద లేచే గోడే కదా. కానీ తాపీ పని, నీళ్లు కొట్టడం, నెల రోజులు ఇల్లంతా ఇసుక, ఇవన్నీ తలుచుకుని కింద కూడా ఇదే చాలనుకున్నాం. ఆ నిర్ణయం నాదే. దాని సంగతి తర్వాత చెప్తాను.

పని మాత్రం చకచకా అయిపోయింది. నేలకీ సీలింగుకీ ఛానెళ్లు బిగించి, వాటి మధ్య రెండడుగులకొకటి చొప్పున స్టడ్లు, అంటే నిలువు ఇనప పట్టీలు నిలబెట్టి, ఒక వైపు 12.5 మిల్లీమీటర్ల బోర్డు స్క్రూలతో కొట్టి, లోపల కరెంటు పైపులు లాగి, రెండో వైపు మూసేశారు. ఇద్దరు మనుషులు, రెండు రోజులు. బోర్డు నేలకి ఆనకుండా అర అంగుళం కన్నా కాస్త తక్కువ సందు వదిలి, ఆ సందుని స్కర్టింగుతో కప్పాడు మేస్త్రి. తడి గుడ్డతో తుడిచినప్పుడు బోర్డు అంచు నీళ్లు పీల్చకుండా అన్నమాట. స్క్రూ తల కాగితాన్ని చీల్చకూడదు, అలాగని పైకీ ఉండకూడదు, ఒక్క వెంట్రుకవాసి లోపలికి దిగాలి. చీలితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే. కింద గోడకి కుర్రాడెవరో హడావుడిగా కొట్టిన చోట ఏడాది తిరక్కుండానే పెయింటు మీద మొటిమల్లా నాలుగైదు లేచాయి.

అసలు కష్టం బోర్డు కొట్టడం కాదు, అతుకులు మూయడం. ఎవరైనా పెట్టించుకుంటుంటే ఇక్కడ దగ్గరుండి చూసుకోండి. బోర్డుకి పొడుగు అంచులు కాస్త పల్చగా ఉంటాయి. రెండు అంచులు పక్కపక్కన చేరితే సన్నటి పల్లం వస్తుంది, జాయింట్ పౌడర్ కలిపి ఆ పల్లంలో పట్టించి, మీద పేపర్ టేపు వేసి నొక్కి, మళ్లీ పైన ఒక పూత, అది ఎండాక ఇంకాస్త వెడల్పుగా ఇంకో పూత, చివరిది అడుగు వెడల్పుకి తేలిపోయేలా. ఒక్కో పూత మధ్య ఒక రోజు ఆగాలి. మన కృష్ణా గాలికి ఆగస్టులో అయితే ఒక రోజు చాలదు కూడా. మా కింద గోడకి మేస్త్రి టేపు వేసి రెండు పూతలు పెట్టి వేరే సైటుకి వెళ్లిపోయాడు, మిగతాది పెయింటర్ చూసుకుంటాడని. పెయింటర్ వచ్చి "ఏముందమ్మా, లప్పం పెట్టేస్తా" అని గోడలకి వేసే తెల్ల సిమెంటు లప్పమే అతుకుల మీద దట్టంగా లాగించేశాడు. నునుపుగా వచ్చింది, చూడముచ్చటగా ఉంది, డబ్బులిచ్చి పంపేశాం.

ఎనిమిది నెలలకి తలుపు పై మూల నుంచి సీలింగు దాకా నిలువునా గీత. వెంట్రుకంత పగులు, కానీ తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు. నేను మళ్లీ లప్పం పెట్టించాను, మళ్లీ వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు వేరే మేస్త్రిని పిలిస్తే, ఆయన గీత మీద వేలు పెట్టి చూసి "మేడం, తలుపు ఫ్రేమ్ నిలువుకే బోర్డు అతుకు వేశారు, తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఇక్కడే లాగుతుంది" అన్నాడు. తలుపు మూల దగ్గర బోర్డుని ఎల్ ఆకారంలో కోసి మూల మీదుగా ఒకే ముక్క వచ్చేలా వెయ్యాలట. బోర్డు మార్చకుండా ఆయన చేసిన రిపేరు ఇది: పగులు వెంట కట్టర్‌తో వి ఆకారంలో గాడి తీసి, పాత లప్పమంతా గీకేసి, తలుపు పైన ఫ్రేమ్‌కి అదనంగా రెండు స్క్రూలు దించి, పేపర్ టేపుతో మూడు పూతలు. నెట్ టేపు అంటించడం తేలిక కాబట్టి చాలామంది అదే వేస్తారు, కదిలే చోట మాత్రం పేపర్ టేపే ఆగుతుందని ఆయన మాట. నాలుగేళ్లపాటు ఆ గీత మళ్లీ కనపళ్లేదు. పైన గోడకి తలుపు మూలల్లో అతుకు రానివ్వలేదు, అప్పటికే నాకు తెలిసిందని కాదు, తలుపు అక్కడ గోడ చివర్లో ఉండటం వల్ల అలా కలిసొచ్చిందంతే.

గరుకు కాగితం కొట్టే రోజు మాత్రం ఇంట్లో ఉండకండి. పిండిమరలో నిలబడ్డట్టే. ఫ్యాను రెక్కల మీద, దేవుడి పటాల మీద, మూత పెట్టిన పప్పు డబ్బాల్లోకి కూడా ఎలా వెళ్లిందో తెలీదు. ఆ దుమ్ము తడి గుడ్డతో తుడిస్తే పేస్టు అవుతుంది, ముందు మెత్తటి చీపురుతో ఊడ్చి తర్వాత తుడవాలి. పెయింటుకి ముందు రాత్రి పూట టార్చి గోడకి పక్కనుంచి వేసి చూడండి, పగలు కనపడని గుంటలన్నీ నీడలతో బయటపడతాయి.

చప్పుడు సంగతి. కింద గోడలో డబ్బు మిగలాలని ఏమీ నింపించలేదు. ఇటు నేను పదమూడో ఎక్కం చెప్పిస్తుంటే అటు అత్తయ్య సీరియల్లో ఎవరు ఎవర్ని తిడుతున్నారో మా ట్యూషన్ పిల్లలందరికీ తెలిసేది. ఒకడైతే కథ కూడా అడిగేవాడు. పైన మధ్యలో రాక్‌వూల్, అంటే చప్పుడు ఆపే రాతి నార దూది, పెట్టించాం, ఇటుక గోడంత కాకపోయినా మాటలు మాటల్లా వినపడవు, గొణుగుడులా ఉంటుంది. స్విచ్ బాక్సులు రెండు వైపులా ఒకే చోట ఎదురెదురుగా పెట్టించుకోకండి, నింపింది కాస్తా అక్కడ దండగ.

మేకు కొట్టడం మర్చిపోవాలి. పటం ఒకటి తగిలించాలంటే ప్లాస్టిక్ యాంకర్ సరిపోతుంది, కానీ పైన గోడకి 43 అంగుళాల టీవీ, పుస్తకాల అర రెండూ ఉన్నాయి, ఒక్క ఇంచు కదల్లేదు, ఎందుకంటే బోర్డు మూయకముందే ఆ చోట్ల స్టడ్ల మధ్య ప్లైవుడ్ బిగించమని చెప్పాం, ఎక్కడెక్కడ ఉందో ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నాం. ఫోటో లేకపోతే ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం తీసుకుని గోడ మీద జరుపుతూ వెళ్లండి, స్క్రూ ఉన్న చోట అతుక్కుంటుంది, దాని వెనకే స్టడ్డు.

పైన గోడకి ఒకసారి బొక్క పడింది. చిన్నోడి క్రికెట్ బ్యాటు. గుప్పెడంత రంధ్రం. నేనే మూశాను, నమ్మండి. రంధ్రాన్ని చతురస్రంగా కోసి, మిగిలిన బోర్డులోంచి అంతకన్నా నాలుగు వైపులా రెండంగుళాలు పెద్ద ముక్క తీసుకుని, వెనక కాగితాన్నీ జిప్సాన్నీ ఆ రెండంగుళాల మేర విరిచి ఒలిచేస్తే ముందు కాగితం రెక్కల్లా మిగులుతుంది. ముక్క రంధ్రంలో కూర్చుంటుంది, రెక్కలు జాయింట్ పౌడర్‌తో గోడకి అతుక్కుంటాయి, టేపు కూడా అక్కర్లేదు. ఇటుక గోడకి ఇంత తేలిక రిపేరు ఉండదు.

పైన ఎండాకాలం ఒక తలనొప్పి ఉంది. మీద టెర్రస్ శ్లాబు, మే నెల బెజవాడ ఎండకి శ్లాబు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, గోడ సీలింగుని కలిసే చోట రెండేళ్లకోసారి సన్నటి గీత వస్తుంది. అక్కడ లప్పం పెడితే లాభం లేదు, సాగే గుణమున్న యాక్రిలిక్ సీలెంట్ ట్యూబు తెచ్చి వేలితో రుద్ది రంగు వేస్తే సరి. పది నిమిషాల పని.

ఇక కింద గోడ. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద పెరుగుతోందని టీవీల్లో చెప్తున్నారు, మర్నాటికి అది 11 లక్షల క్యూసెక్కులు దాటింది, మా వైపు వచ్చింది మాత్రం బుడమేరు వాగు. పొద్దున్నే వీధిలో, కాసేపటికి గుమ్మంలో, మధ్యాహ్నానికి కింద పోర్షన్‌లో నాలుగడుగులు. చేతికందినవి పైకి మోసుకుని పోయాం, ఆ పిల్లల గదిలోనే ఐదుగురం సర్దుకున్నాం. డ్రోన్లు అన్నం పొట్లాలు వదులుతుంటే చిన్నోడికి సంబరం, అత్తయ్యకి ఏడుపు. నీళ్లు పూర్తిగా తియ్యడానికి వారం దాటింది.

కిందికి దిగి చూస్తే గోడ నిలబడే ఉంది. అదే మోసం. తడి గీత నాలుగడుగుల దగ్గర ఉండాలి కదా, ఐదడుగుల పైన కనపడింది, దీపం వత్తి నూనె లాగినట్టు బోర్డు నీళ్లని పైకి లాక్కుంది. వేలు పెట్టి నొక్కితే లోపలికి పోయింది, నానబెట్టిన అటుకుల్లా. పక్కింటాయన "ఎండితే గట్టిపడుతుంది, ఆగండి" అన్నారు. తలుపులన్నీ తీసి ఆగాం. వారంలో కాగితం మీద నల్ల మచ్చలు, ఒక రకమైన వాసన, తర్వాత కాగితం పొరలు పొరలుగా ఊడి జిప్సం పొడి రాలడం మొదలైంది. బాత్రూమ్ పక్క రెండు ముక్కలు చెమ్మ తట్టుకునే ఆకుపచ్చ బోర్డు వేయించాం, అవైనా మిగులుతాయేమో అనుకున్నా. మిగల్లేదు. అది ఆవిరికీ చిందే నీళ్లకీ పనికొస్తుంది, వారం రోజులు నీళ్లలో నిలబెట్టడానికి కాదు. కింది ఛానెల్ అయితే చిన్న కాలవలా బురద నింపుకుని కూర్చుంది, కోసిన అంచుల దగ్గర తుప్పు. లోపల కరెంటు పైపుల్లో నీళ్లు. మొత్తం పీకించేశాం.

నీళ్లు ఒక అడుగు ఎత్తే వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. తడి గీతకి అడుగు పైన గోడంతా అడ్డంగా కోసేసి, లోపల చట్రం కడిగి ఆరబెట్టి, కింద కొత్త ముక్కలు వేసి అతుకు మూస్తే సరిపోతుంది. మా వెనక వీధిలో ఎత్తు మీద ఉన్న వాళ్లు అలాగే చేసుకున్నారు, వాళ్ల గోడ ఇప్పటికీ బాగుంది. నాలుగడుగులొస్తే మాత్రం కోయడానికి మిగిలేదేమీ ఉండదు. మా ఇటుక గోడలు కూడా నానాయి, లప్పం పెచ్చులుగా రాలింది, ఆర్నెల్లు చెమ్మ ఆరలేదు, అయినా గీకి మళ్లీ రంగేసుకుంటే గోడ గోడే. కింద ఇప్పుడు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టించాం, ప్లాస్టరింగుతో సహా. అత్తయ్య దాన్ని కూడా కణుపుతో కొట్టి చూశారు.

కాబట్టి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ లాంటి పల్లపు ప్రాంతాల్లో నేల అంతస్తులో దీన్ని పెట్టించుకోమని నేను చెప్పను. అడిగిన మా చెల్లెలికి కూడా వద్దనే చెప్పాను. అపార్టుమెంట్లో మూడో అంతస్తులో ఉన్న మా తమ్ముడికి మాత్రం నేనే పెట్టించాను, రాక్‌వూల్‌తో సహా. మాకు 2020లో పైన గోడకి లేబరూ సరుకూ కలిపి చదరపు అడుగు 110 రూపాయలు పడింది, రంగు కాకుండా. ఇప్పుడు తమ్ముడు ఎక్కువే ఇచ్చాడు. బోర్డు వెనక ఐఎస్ 2095 (జిప్సం బోర్డుల భారతీయ ప్రమాణం) ముద్ర చూసుకున్నాకే దింపించాం, అతుకుల పని అయ్యేదాకా మేస్త్రికి చివరి పదివేలు ఇవ్వలేదు. పెయింటర్‌ని మూడో పూత ఎండాకే లోపలికి రానిచ్చాం.

పైన పిల్లల గది గోడకి 2025 ఫిబ్రవరికి ఐదేళ్లు నిండాయి. మిగిలిన బోర్డు ముక్కలు రెండు అటక మీద పడుకోబెట్టి ఉంచాను, గోడకి జారేస్తే వంకర తిరుగుతాయి. చిన్నోడు ఇప్పుడు బ్యాటు మానేసి బ్యాడ్మింటన్ ఆడుతున్నాడు.